పరుపులో ఆరు కిలోలు

పరుపుల మేస్త్రి ఇరవై ఏళ్లుగా "నలభై డెన్సిటీ సరుకండీ, పదేళ్లు ఢోకా లేదు" అని చెప్పి పరుపులు అమ్ముతున్నాడు. ఆ నలభై అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర జవాబూ లేదు. చొక్కా సైజులాంటిదేదో అనుకునేవాడు.

శనివారం పొద్దున్నే సైన్సు టీచరమ్మ, తాను కొన్న పరుపుతో సహా వ్యాను దిగేసరికి ఆయనకు తెలుసుకోక తప్పలేదు. వెనకాలే ఆవిడ భర్త, చంకలో బరువు చూసుకునే మిషను.

"నలభై అంటే ఏంటో తెలుసా మేస్త్రీ? ఒక ఘనపు మీటరు ఫోము నలభై కిలోలు తూగాలి." ఆవిడ గోడ మీది క్యాలెండరు తిప్పి, వెనక లెక్క మొదలెట్టింది. "పొడవు రెండు మీటర్లు. వెడల్పు ఒకటిన్నర. మందం పదిహేను సెంటీమీటర్లు. దాన్ని మీటర్లలోకి మార్చాలి. మార్చకుండా గుణించే వెధవల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. సున్నా పాయింట్ ఒకటి ఐదు. మూడూ గుణిస్తే సున్నా పాయింట్ నాలుగు ఐదు ఘనపు మీటర్లు. ఇంటూ నలభై. పద్దెనిమిది కిలోలు."

"సరేనమ్మా."

"ఏం సరే? కవరు తీసేసి, పరుపు చుట్టి పట్టుకుని మిషనెక్కాను. ఎనభై రెండు చూపించింది. నా యాభై ఎనిమిది తీసేస్తే ఇరవై నాలుగు. ఆ ఆరు కిలోలు ఏం కుక్కావయ్యా లోపల? పాత గుడ్డలా?"

దిండు కొనడానికొచ్చిన కొత్త దంపతులు చేతిలో దిండును మెల్లగా కింద పెట్టేశారు. ఫోము మధ్యలో గుడ్డలు కుక్కేవాళ్లు ఆ వీధిలో ఉన్నారు. మేస్త్రి ఏనాడూ కుక్కలేదు, ఆ మాట మీదే ఆ కొట్టు నిలబడింది. మధ్యకి కోసి చూపించమంటోంది ఆవిడ. కత్తెర కూడా ఆవిడే అందుకుంది. కోస్తే పరుపు పోతుంది, కోయనంటే పరువు పోతుంది.

ఆయన టీచరమ్మ వంక చూశాడు. మనిషిని చూడగానే పరుపు ఎంత కుంగుతుందో చెప్పేయగల మేస్త్రి ఆయన. ఆ కళ్లకు యాభై ఎనిమిది ఎక్కడా ఆనలేదు. కానీ ఆ మాట ఒక ఆవిడతో, అందులోనూ టీచరుతో, చేతిలో కత్తెర ఉండగా ఎవడంటాడు? సాయం కోసం భర్త వంక చూశాడు. భర్త పైకప్పు వంక చూస్తున్నాడు.

"కోద్దామమ్మా. ముందు నన్నొకసారి ఎక్కనివ్వండి," అని మేస్త్రి మిషనెక్కాడు. అరవై ఒకటి. దిగి, పరుపు చుట్టి భుజాన వేసుకుని మళ్లీ ఎక్కాడు. డెబ్బై తొమ్మిది.

కొట్లో ఎవరికి వారే తీసివేత చేసుకున్నారు. టీచరమ్మ అందరికంటే ముందే చేసుకుంది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి జాలేసింది. "మిషన్లు ఒక్కోసారి మొరాయిస్తాయమ్మా," అన్నాడు.

"మిషను శుభ్రంగా ఉంది." ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టి కొత్త దంపతుల వైపు తిరిగింది. "సరుకు మంచిది. నలభైకి నలభై ఉంది. లెక్కలో తప్పు నాది."

ఆ మాటకి మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. పరుపును తానే మోసుకెళ్లి వ్యానెక్కించాడు. పక్కనే ఆవిడ గొంతు తగ్గించి భర్తను అడగడం వినిపించింది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నాను. కానీ నేనూ పడుకోవాల్సింది ఈ పరుపు మీదే కదా."