కట్ట ఒకటే, మాట వేరు

బిసున్‌దత్ దంచి నీళ్లలో కలుపుకు తాగే యంగోనా వేళ్ల కట్టను పాత పత్రికలో చుట్టి, చంకన పెట్టుకుని ఇలైటియా ఇంటికి బయలుదేరాడు. ముప్పై ఏళ్ల కౌలు వచ్చే నెలతో తీరిపోతుంది. తాత చెరకు నాటిన నేల, తండ్రి కన్నుమూసిన నేల. కాగితం మీద మాత్రం అది ఇలైటియా వంశం వాళ్లది. తెల్లదొరలు చెరకు పనికని తాతను ఓడలో ఈ దీవికి తెచ్చి దింపారు, నేలను ఇక్కడివాళ్ల పేరనే ఉంచి వెళ్లిపోయారు. ఆ రెంటి మధ్య తనలాంటివాళ్లు ఎక్కడ నిలబడాలో ఎవరూ రాసిపెట్టలేదు.

పొద్దున భార్య సుక్‌రాజీ ముంగిట్లో ఎర్రజెండా కట్టిన వెదురు దగ్గర దీపం పెట్టి హనుమంతుడికి మొక్కింది. పదేళ్లు అడగండి, సగం పొలమిచ్చినా చాలనండి అని మరీమరీ చెప్పింది. పోయినేడు పక్క పొలం వాళ్లు కౌలు తీరిపోయి, ఇల్లు విప్పుకుని, రేకులూ గుంజలూ లారీకెక్కించుకుపోయారు. ఆ ఖాళీ జాగా వైపు ఆమె ఇప్పటికీ చూడదు.

దారిలో బిసున్‌దత్ రాముణ్ణి తలుచుకున్నాడు. ఆయనకైనా పద్నాలుగేళ్లని ముందే తెలుసు. తనకు ఎన్నేళ్లో ఎవరు చెప్పాలి?

ఇలైటియా వంశానికి పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఏట్లో ఈదారు. అప్పటినుంచీ బావా అంటే బావా అనుకోవడమే.

"ఏం బావా, నీ చెరకు కన్నా నువ్వే ఎక్కువ వంగావే," అన్నాడు ఇలైటియా చాప చూపిస్తూ.

"నా చెరకంతా నీ పొట్టలోనే ఉన్నట్టుంది బావా."

పక్కన కూర్చున్న సెరూ కూడా నవ్వాడు. సెరూ ఇలైటియా తమ్ముడి కొడుకు. హోటల్లో పని పోయి, పెళ్లాంబిడ్డలతో ఊరు చేరాడు. నవ్వు ఆగాక అతనే అన్నాడు, "మామా, మా పెద్దలు మిమ్మల్ని అతిథులన్నారు. వందేళ్లుండే అతిథి ఉంటాడా? మా నేలలో నేను దున్నుకోవడానికి చోటు లేదు."

గొంతులో కోపం లేదు.

బిసున్‌దత్ కట్టను చాప మీద ముందుకు జరిపి, తల వంచి, మాట మొదలుపెట్టాడు. తండ్రి నేర్పిన పద్ధతి అది: వచ్చినప్పుడు సెవుసెవు, అడిగేటప్పుడు కెరెకెరె, సెలవు తీసుకునేటప్పుడు ఇతతౌ. కట్ట ఒకటే, మాట వేరు. వంశానికీ నేలకూ పేరుపేరునా దణ్ణం పెట్టి, చివరికొచ్చేసరికి, కెరెకెరె అనాల్సిన చోట అతని నోట ఇతతౌ అని వచ్చింది.

అన్నాకే అతనికి వినపడింది.

ఇలైటియా చెయ్యి కట్ట మీదుగా ఆగింది. తాకితే పుచ్చుకున్నట్టే. పుచ్చుకున్నాక మాట మార్చడానికి లేదు.

"బావా," అన్నాడు నెమ్మదిగా, "మాట జారిందా? నోరు తిరగలేదను, నేను విననట్టే. ఆరేళ్లిద్దామని నిన్ననే మావాళ్లను ఒప్పించాను."

సెరూ చాప అల్లిక వైపు చూస్తున్నాడు.

నవ్వేసి, మీ భాష మాకెక్కడొస్తుంది అంటే సరిపోయేది. ఆ మాట బిసున్‌దత్ జన్మలో అనలేదు. ఆరేళ్లు. ఆ తర్వాత మళ్లీ కట్ట, మళ్లీ ఈ చాప, డెబ్బై దాటిన నడుముతో. ఆ మాట దేవుడు పలికించాడా, అలసట పలికించిందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

"జారిందో లేదో నాకే తెలియదు బావా. పలకడం మటుకు సరిగ్గానే పలికాను."

ఇలైటియా చెయ్యి దించి కట్టను తాకాడు. పుచ్చుకున్న గుర్తుగా, అరచేతులు దొప్పల్లా వంచి మూడుసార్లు చరిచాడు. సెరూ కాస్త వెనకగా చరిచాడు.

అందరూ కొబ్బరిచిప్పతో యంగోనా తాగారు. లేవబోతూ బిసున్‌దత్, పొలం దిగువ మూలన నీరు నిలుస్తుందనీ, ముందు అక్కడ కాలువ తవ్వుకొమ్మనీ సెరూతో చెప్పాడు.

"రేపొచ్చి చూపించండి మామా," అన్నాడు సెరూ. గుమ్మం దాకా వచ్చి, "జెండా వెదురు ఉంచేయండి. నేను పీకను," అన్నాడు.

మలుపు తిరగగానే ఎర్రజెండా కనిపించింది. దాని కింద సుక్‌రాజీ నిలబడి, ఖాళీగా ఉన్న అతని చంక వైపే చూస్తోంది.

"పుచ్చుకున్నారా?"

"పుచ్చుకున్నారు," అన్నాడు.

ఆమె ముఖం విప్పారింది. జెండా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. బిసున్‌దత్ మెట్టు మీద కూలబడి, చెప్పులు విప్పుకుంటూ, ఆమె దణ్ణం ముగిసేదాకా ఆగాడు.