దాబా మీద మూడు టెలిస్కోపులు

పెళ్ళయి ఇరవై రోజులు. ఆ రోజుల్లో ఏం చూసినా నాకు సంబరమే. ఆరేసిన రంగు నూలు మధ్య నుంచి మా ఆయన రామేశ్వర్ వంగి వంగి దాబా మీదికి రావడం చూసి కూడా నవ్వాను.

వెనకే పర్శరాములు కాక వచ్చాడు. మిలిటరీలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. రేకు పెట్టె తెరిచి మూడు టెలిస్కోపులు చాప మీద పెట్టాడు. హైదరాబాదులో ఒక రైఫిల్ క్లబ్బు వాళ్ళు గురి నేర్పే మాస్టరు ఉద్యోగానికి వచ్చే ఆదివారం పోటీ పెట్టారు. తుపాకి వాళ్ళిస్తారు. దాని మీద బిగించే టెలిస్కోపు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కాలేజీలో ఎన్.సి.సి. మెడల్ కొట్టిన నాటి నుంచి మా ఆయనకు మగ్గం మీద కూర్చున్నా ఆ ధ్యాసే.

"పెద్దదని మురువకు రామేశా," అన్నాడు కాక. "తొమ్మిదింతలు చూపెట్టేది వట్టుకుంటే ఊపిరి తీసినా గురి ఊగుతది. నీ దూరం యాభై మీటర్లు. నాలుగింతలది సాలు. అద్దం తేటగుండాలె, గంతే."

వీధి చివరి గోడకు క్యాలెండరు కాగితం వేలాడదీసి వచ్చాం. ఆయన ఎడమ కన్ను మూసి మొదటిది చూశాడు.

"మసకున్నది కాకా."

నేను కొంగుతో అద్దం తుడిచాను. ఆయన రెండోది తీసుకున్నాడు. "గిది గుడ బూజు వట్టినట్టుంది." మూడోది విదేశీ సరుకు. "గిండ్లయితే అంత పొగమంచే."

"ఎండకాలంల మంచేందిరా! కొత్త పెండ్లాం పక్కకు నిలవడితే గట్లనే ఉంటది," అని కాక నవ్వాడు. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నేనొకసారి చూస్త ఇయ్యిన్రి," అని చాప మీది మొదటిది అందుకున్నాను. అబ్బ! గోడ నా ముందుకే నడిచొచ్చింది.

"పదిహేనో తారీకు కనవడ్తుంది! గోడ మీద బల్లి! దానికి తోక గుడ లేదు!" అని చప్పట్లు కొట్టాను.

ఎవరూ నవ్వలేదు. కాక లేచి, ఆయన ఎడమ కంటిని అరచేత్తో మూశాడు. రెండో చెయ్యి ముందు పెట్టి అడిగాడు.

"ఎన్ని వేళ్ళు?"

"రెండా?"

నాలుగు.

"ఎన్నొద్దుల సంది గిట్ల?"

ఆయన నా వైపు చూడలేదు. అందుకే నేనే చెప్పాను. పెళ్ళిలో తలంబ్రాల పోటీ. ఆయన్ను ఓడించాలని రెండు చేతులా గట్టిగా విసిరాను. ఒక బియ్యపు గింజ కుడి కంట్లో పడింది. కన్ను ఎర్రబడితే, పదహారు రోజుల పండుగ దాకా కొత్త జంట దవాఖాన మెట్లెక్కొద్దని అత్తమ్మ కౌసల్యమ్మ నందివర్ధనం పూల రసం పిండింది. ఎరుపు పోయింది. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లచుక్క మిగిలింది. రెండు కళ్ళతో తిరిగే మనిషికి లోటు తెలియలేదు. నేనైతే ఆ చుక్కకు చంద్రవంక అని పేరు పెట్టి రోజూ మురిసిపోయాను.

"కంట్ల పువ్వు వడ్డది బిడ్డా," అన్నాడు కాక మెల్లగా. "గిసొంటిది వడ్డోనికి మా పటాలంల మళ్ళ తుపాకియ్యలె."

"ఎడమ కంటితోని కొడితే?"

"ఏండ్లు వడ్తది మళ్ళ నేర్సుకునుటానికి. పోటీ ఆదివారం."

"దవాఖానకు ఇప్పుడే పోదాం," అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. రేపు పోదామని కానీ, నీ తప్పేం లేదని కానీ అంటాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

కాక రెండు టెలిస్కోపులకు మూతలు బిగించి పెట్టెలో పెట్టాడు. మూడోదాని కోసం చెయ్యి చాపాడు. ఆయన ఇవ్వలేదు. దాన్ని మళ్ళీ కుడి కంటికి ఆనించి, అద్దం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"గింతకన్న తేటది హైదరాబాదుల దొరుకదా కాకా?"