శుక్రవారం ఎనిమిదింటి సౌండు

మా ఆయన కేశవ ఎర్ర కారు కొన్న రోజు నేను ఏడవలేదు, అరవలేదు. మాట్లాడడం మానేశాను. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. ముదిగుబ్బలో శనక్కాయల మిల్లు నడిపే మనిషికి అదెందుకు? "మూట యాడ పెడతావప్పా, నెత్తినా?" అని బజారంతా నవ్వింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన, చెప్పినా వినడు. నాలుగు నెలలు వేళకు అన్నం పెట్టాను. మాట మాత్రం పెట్టలేదు.

అంతలో మిల్లులో మూటల మీద నుంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. బెంగళూరులో ఆపరేషన్ అయింది. పది రోజులు పక్కనే ఉన్నాను. అప్పుడే మా ఊళ్లో వాన పడింది. మా నేలల్లో పదును ఆరేలోగా విత్తనం పడకపోతే ఆ ఏడాది పోయినట్టే. ఆయన్ను అక్కడే వాళ్ల చెల్లెలు చంద్రిక ఇంట్లో వదిలి బయల్దేరాను. వచ్చేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే.

"బండి వారాలకొద్దీ నిలబడితే బ్యాటరీ దిగిపోతాదిమే. శుక్రవారం శుక్రవారం స్టార్ట్ చెయ్. ఆ సౌండు నాకు ఫోన్లో వినిపించు."

బెంగంతా బండి మీదేనని ఒళ్లు మండింది. అయినా చేశాను. ప్రతి శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కర్పూరం చూపించి, స్టార్ట్ చేసి ఫోను పట్టేదాన్ని. రెండు నిమిషాలంతే. పొలంలో బోరు మోటారును వాడకం లేనప్పుడు పట్టేయకుండా అట్లాగే కాస్త తిప్పి ఆపేస్తాం. ఇదీ అంతే అనుకున్నాను.

"తింటివా?" అనేవాడు. "తింటి" అనేదాన్ని. మూడో వారానికి మాటలు కాస్త పెరిగాయి. విత్తనం మొలిచిందని చెప్పాను. తెల్లమేక ఈనిందని చెప్పాను.

ఒకరోజు చంద్రిక గొంతు తగ్గించి చెప్పింది. "వదినా, అన్న దినామూ గోడకల్లా తిరిగి పండుకుంటాడు. నడవకుంటే కాళ్లు పనికి రాకుండా పోతాయని డాక్టరు అంటాండాడు. శుక్రవారం నీ ఫోనొచ్చినాకే లేసి నాలుగడుగులేస్తాడు."

ఆ రోజు నుంచి శుక్రవారం అంటే నాకు భయం, ఆశ.

ఏడో శుక్రవారం తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ట్రాక్టరు మెకానిక్ రామాంజులును పిలిస్తే తన ట్రాక్టరు మీదే వచ్చాడు.

"రెండు నిమిషాలేనా అక్కా? స్టార్ట్ కొట్టేదానికే బ్యాటరీ శానా తింటాది. అది మళ్లా నిండల్లంటే అర్ధగంటన్నా రోడ్డు మీద తిప్పల్ల. లేకుంటే మైనస్ వైరు తీసిపెట్టల్ల. నువ్వు వారం వారం వాడుకుంటివే గానీ నింపలా. ఇప్పుడు విప్పి షాపులో చార్జింగ్ పెట్టల్ల. సాయంత్రమైతాది."

నా చేతులారా నేనే చంపాను. ఎనిమిది దాటింది. నేను చేయకపోయేసరికి ఆయనే ఫోన్ చేశాడు.

"రామాంజులూ, నీ ట్రాక్టరు స్టార్ట్ చెయ్ నాయనా" అన్నాను.

అతను నన్ను వింతగా చూసి, స్టార్ట్ చేశాడు. ఫోను ఇంజను ముందు పట్టాను. గుడగుడా గుడగుడా.

అవతలి నుంచి ఏదో మూలుగు లాంటిది వినిపించింది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. ఏడవడం లేదు, నవ్వుతున్నాడు. "అబ్బా నడుమూ" అంటూ నవ్వుతున్నాడు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"ఏమ్మే, నా కారుకు మడక కట్టి దున్నతాండావా?"

నాకు ఏడుపు ఆగలేదు. "నేనే చంపితి మామా. రెండు నిమిషాలకే ఆపేస్తాంటి. నాకు తెలీలా."

"నాకు తెలుసుమే. వారం వారం వింటానే ఉండా కదా. మనింట్లో నా మంచం కింద నీలం డబ్బాలో చార్జరుండాది. తగిలించి వదిలేస్తే నెలలైనా బ్యాటరీ దిగదు."

"అది మొదుట్నే చెప్పకూడదా?"

"చెప్పింటే తగిలించేసి నీ పని నువ్వు చూసుకుంటాంటివి. నాలుగు నెలలు నాతో మాట్లాడలే నువ్వు. బ్యాటరీ పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. నువ్వు ఫోన్ చేయకుంటే నేనేం చేసేది?"

ఆ సాయంత్రం రామాంజులు బ్యాటరీ బిగించాక నీలం డబ్బాలోని చార్జరు తగిలించాను. పచ్చ లైటు వెలిగింది. ఇక కారును వారం వారం స్టార్ట్ చేయాల్సిన పని లేదు.

తర్వాతి శుక్రవారం ఎనిమిదింటికి ఫోన్ చేశాను.

"ఏమే, సౌండు యాడ?" అన్నాడు.

"ఈ పొద్దు సౌండు లేదు, నేనే. లేసి నడువు మామా, నీ సౌండు నేను వింటా."

మంచం కిర్రుమంది. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఆయన అడుగులు లెక్కపెట్టాను. పదకొండు వేశాడు.