పలకని రెండు మీటలు

ఉద్యోగ విరమణ అయిన నెలలోనే మామగారు ఒక కీబోర్డు కొనుక్కొచ్చారు. ఎవరో ఆర్కెస్ట్రావాళ్ళు వాడి వదిలేసిన పాతది. బతుకంతా పంపుహౌసులో మోటార్ల హోరు విన్న మనిషికి సంగీతం మీద మనసు మళ్ళిందంటే సంతోషించాల్సిందే. కానీ ఆయన ముందుగదిలో కూర్చుని పొద్దస్తమానం ఒకే జోలపాట వాయిస్తుంటే కోడలికి తల దిమ్మెక్కిపోయేది. ఆ జోలపాటకు నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

"ఏడెనిమిది మీటలు పలకవండీ. లేకపోతేనా!" అనేవారు మామగారు, వచ్చినవాళ్ళందరితో.

వచ్చినవాళ్ళు అయ్యో పాపం అని కీబోర్డు వంక చూసేవారు.

పగలు కాసేపైనా ఇల్లు వదిలి బయటపడదామని కోడలు బజారు చివరనున్న శిక్షణ కేంద్రంలో చేరింది. కరెంటుతో మోగే వాద్యాల మరమ్మతు నేర్పుతారక్కడ. తీరా వెళ్ళాక తెలిసింది, ఒకే గదిలో పదిమంది కూర్చుని తలో వాద్యాన్ని ఒకేసారి మోగించి చూస్తారని. ఆ మాట చెబితే భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు.

అయితే చేతికి పని తగిలేసరికి ఆమె చెవుల సంగతి మరిచిపోయింది. మొదట్లో టంకం పెట్టబోయి వేళ్ళకు వాతలు పెట్టుకుంది. తర్వాత్తర్వాత మీట కింది నల్ల రబ్బరు అరిగితే స్వరం ఎలా పోతుందో, తీగ పట్టు వదిలితే ఆంప్లిఫయరు ఎందుకు గురగురమంటుందో వంటబట్టింది.

చివరి పరీక్షకు ఇంట్లో పాడైన వాద్యమేదైనా బాగుచేసి తేవాలన్నారు మాస్టారు. వెతుక్కోవాల్సిన పనేముంది? కోడలు మామగారి కీబోర్డు విప్పి, దుమ్ము దులిపి, అరిగిన రబ్బర్లు మార్చింది. అన్ని మీటలూ ఖంగున పలికాయి.

మామగారికి పట్టపగ్గాల్లేవు. "నా చెయ్యేంటో ఇప్పుడు చూద్దురుగాని" అని స్నేహితులందర్నీ పిలిచి వాయించారు. తప్పు పడిన చోటల్లా తప్పు స్పష్టంగా వినబడింది.

"పెట్టె బాగానే ఉన్నట్టుందే!" అన్నాడొకాయన, మెచ్చుకోలుగానే.

మామగారు కీబోర్డు మీద గుడ్డ కప్పేశారు. ఆ తర్వాత దాని జోలికి పోలేదు. కాఫీ ముందు పెడితే చల్లారేదాకా కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చునేవారు. కోరుకున్న నిశ్శబ్దం దొరికింది గానీ, కోడలికి ఇంట్లో కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, ఆ పెట్టె మళ్ళీ ఒకసారి విప్పి చూస్తావా? నువ్వు బాగుచేశాక ఏదో తేడా చేసింది."

"ఎక్కడ మామయ్యా?"

"ఎక్కడని చెప్పను? మునుపటిలా లేదు."

కోడలు ఆయన మొహంలోకి చూసింది. కీబోర్డు విప్పి, జోలపాటలో ఆయన వేళ్ళు తడబడే చోట రెండు మీటల కింద సన్నటి కాగితం ముక్కలు అంటించింది. మర్నాటి నుంచి ముందుగది మళ్ళీ మోగిపోయింది. "రెండే మిగిలాయండీ! అవీ పలికుంటే మీరు లేచి వెళ్ళేవాళ్ళు కాదు" అనడం మొదలెట్టారు మామగారు.

పరీక్షనాడు మాస్టారు ఆ చివర నుంచి ఈ చివరకు వరసగా నొక్కుతూ వచ్చి ఆగారు. "ఈ రెండిటికీ ఏమైందమ్మా?"

"అవి పలికితే మా మామగారు పలకరండీ."

సంగతంతా విని మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నవ్వడం పూర్తయ్యాక ఆమెను పరీక్షలో తప్పించారు.

తర్వాతి విడతలో ఎవరిదో గిటారు ఆంప్లిఫయరు బాగుచేసి ఆమె గట్టెక్కింది. సర్టిఫికెట్ ఇంటికొచ్చిన రోజు మామగారు దాన్ని వీధంతా తిప్పి చూపించారు.

"మొదటిసారి పోవడం మా అమ్మాయి తప్పు కాదు. ఆ రెండు మీటలూ ఎంత మొండివో నాకు తెలుసు. ఆ మాస్టారొచ్చినా పలికించలేడు."

"నిజమే మామయ్యా" అంది కోడలు.

ఆయన లోపలికి వెళ్ళి జోలపాట అందుకున్నారు.