నమ్మదగిన సాక్షి

ఫోన్ మోగినప్పుడు నేను సేమ్యా వేయిస్తున్నాను. తీర్పు ఏమొస్తుందో తెలియకముందే పాయసం చేయమంది మా అత్త భాగ్యం. "మంచి మాట వచ్చేలోగా తీపి సిద్ధంగా ఉండాల. నువ్వు మొగం అట్ల పెట్టుకోవాకు" అంది. నా కూతురు కవిప్రియ ఫోన్ స్పీకర్లో పెట్టింది. మద్రాసు హైకోర్టు వరండాలోంచి మా లాయరు అనంతరామన్ మాట్లాడుతున్నాడు. అప్పీలు చేసుకున్న ఆరుగురిలో ముగ్గురికి యావజ్జీవం ఖాయమైందట. మిగతా ముగ్గురినీ విడిచిపెట్టారట. ఆ ముగ్గురిలో మా ఆయన ముకుందన్ ఉన్నాడు. అత్త నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె నా చేతులు పట్టుకోవడం అదే మొదలు. "తాయారూ, నీ సాక్ష్యమే నా కొడుకును బయటికి తెచ్చింది" అంది. పొయ్యి మీద సేమ్యా మాడిపోయింది.

ఐదేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, రెడ్డియార్‌పాళయంలో మా ఆయనకు అన్న వరసయ్యే ఆదిమూలం కొట్టు ముందు, శరవణన్ అనే ఇడ్లీ బండి మనిషిని ఆరుగురు కలిసి కొట్టారు. బండి తియ్యమంటే తియ్యలేదని, ఇనప పైపులతో. మూడో రోజు ఆస్పత్రిలో చనిపోయాడు. అప్పుడు పక్కనే ఉన్న అతని భార్య లోకేశ్వరి కోర్టులో మా ఆయనను వేలుపెట్టి చూపింది. "ఈయన నా మొగుడి చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. వాళ్ళు కొట్టినారు" అంది. మా ఆయన తరఫున నేను బోనెక్కాను. "ఆ పూట ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తిని పడుకున్నాడు. నాలుగింటికి నేనే లేపి కాఫీ ఇచ్చాను" అన్నాను. ఆ మాటలు అనంతరామన్ నాకు వారం రోజులు నేర్పించినవి.

నాలుగింటికి నిజంగా జరిగింది వేరు. ఆయన పెరటి తలుపు నుంచి వచ్చి, చొక్కా విప్పి నా మీదికి విసిరి, "ఉతుకు" అన్నాడు. రెండుసార్లు సబ్బు పెట్టినా మోచేతి దగ్గర మరక పోలేదు. ఆయన వెనకే నిలబడి, "నేను కొట్టలేదు. పట్టుకొన్నాను, అంతే" అన్నాడు. ఆ తర్వాత, మరక సరిగ్గా వదిలించలేదని కసురుకున్నాడు. నేను ఇంకోసారి సబ్బు పెట్టాను. ఆ మనిషి బతికాడా అని కూడా అడగలేదు.

నా మాటకు ఆ ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. ఒళ్ళు కాలిపోతోందంటే "వేషాలు" అనేది అత్త. బట్టల షాపులో పని ముగించుకుని వచ్చేటప్పుడు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే "యాడికి పొయ్యొస్తాండావు? నిజం చెప్పు" అనేవాడు ఆయన. చివరికి కింది కోర్టులో సెషన్స్ జడ్జి కూడా నన్ను నమ్మలేదు. భార్య గనక భర్తను కాపాడుకోవడానికి చెబుతోందని రాసి, ఆరుగురికీ శిక్ష వేశాడు. ఆ రోజు అందరూ ఏడుస్తుంటే నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ లోపల మాత్రం తేలికపడ్డాను. నేను అబద్ధం ఆడినా దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదని సర్దిచెప్పుకున్నాను. రెండేళ్ళు, ప్రతి సోమవారం కాలాపట్టు జైలుకు వెళ్ళి ఆయనను చూసి వచ్చాను. మిగతా ఆరు రోజులూ కంటినిండా నిద్రపోయాను. అందుకు సిగ్గుపడ్డాను కూడా. సిగ్గుపడాల్సింది మాత్రం దానికి కాదు.

హైకోర్టు నుంచి ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం కవిప్రియ తీర్పును ఫోన్లో తెరిచింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకోసం తెలుగులో చెబుతూ పోయింది. భార్య అయినంత మాత్రాన సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదట. తాయారు మాటలు సహజంగా, నమ్మదగినట్టుగా ఉన్నాయట. అంత గందరగోళంలో ఎవరు ఎవరిని పట్టుకున్నారో లోకేశ్వరి సరిగ్గా చూసి ఉండకపోవచ్చట. చదవడం ఆపి పిల్ల నా మొహంలోకి చూసింది. "అమ్మా, అంత పెద్ద జడ్జీలు నీ మాట నమ్మినారు. నువ్వు నిజమే చెప్పినావు కదా?"

"గిన్నె మాడింది. తోమాల" అని లేచి వెళ్ళిపోయాను.

నాలుగో రోజు ఆయన ఇంటికొచ్చాడు. పదిహేను మందికి వండాను, వడ్డించాను. "నా పెళ్ళాం ఒక్క కాఫీతో హైకోర్టునే తిప్పేసింది!" అని ఆయన అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నోరు నవ్వుతున్న సంగతి నాకు కాసేపటికి గాని తెలియలేదు. చేతులు కడుక్కుంటూ ఆయన, "షాపుకు పోయింది చాలు, రేపట్నించి మానుకో" అన్నాడు. కవిప్రియ మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తోంది. ఎంగిలాకులు ఎత్తాక దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, తీర్పు రోజు అది అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. అది ఏడవలేదు, తిట్టలేదు. నా పక్కనుంచి రెండడుగులు దూరం జరిగి నిలబడింది.

మర్నాడు పొద్దున నెల్లితోపు బస్సెక్కాను. మార్కెట్ దగ్గర లోకేశ్వరి ఇప్పుడు ఒక్కతే బండి నడుపుతోంది. ఆమెదీ మా తెలుగే. కోర్టులో ఇద్దరమూ తమిళంలో చెప్పాం గనక ఒకరి భాష ఒకరం విననేలేదు. నన్ను గుర్తుపట్టింది. ఇడ్లీ రేకులు దించడం ఆపలేదు.

"నేను అబద్ధం చెప్పినానక్కా" అన్నాను.

"తెల్సు."

"మా ఆయన ఇంట్లో లేడు. నువ్వు చెప్పిందే నిజం."

ఆమె ఆవిరిలోంచి తలెత్తింది. "నేను కండ్లారా చూసినదాన్ని. అది నాకే వచ్చి చెప్తే ఏంది లాభం? తెలియనోళ్ళకు చెప్పు పో." ఇడ్లీలకు వచ్చినవాళ్ళు నన్నే చూస్తున్నారు. నేను కదల్లేదు.

"ఎవురికి చెప్పాలో చూపించు" అన్నాను.

ఆమె వచ్చినవాళ్ళకు ఇడ్లీలు పెడుతూ పోయింది. బండి ఖాళీ అయ్యాక గుడ్డ కప్పి, చెప్పులేసుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను. లాయరు ఆఫీసు దాకా అట్లాగే నడిచాం.

సుప్రీంకోర్టుకు పోవాలని ఆమె తరఫున కాగితాలు తయారు చేస్తున్న లాయరు వసంతమ్మ. నేను చెప్పిందంతా విని కళ్ళద్దాలు తీసింది. "కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మీకే శిక్ష పడొచ్చు. ఇంత చేసినా పైకోర్టు దీన్ని లెక్కలోకి తీసుకుంటుందని నేను మాట ఇవ్వలేను. మీ ఇంటాయనకు తెలుసునా?"

"తెలీదు. మా బిడ్డకు తెల్సు."

లోకేశ్వరి గోడవారగా నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. వసంతమ్మ కాగితం ముందుకు లాక్కుని, "మీ మాటల్లోనే చెప్పండి. ఎవరూ నేర్పించనట్టు" అంది.

"ఆయన పట్టుకున్నాడు" అన్నాను, "నేను ఉతికినాను."