ఆరో అంశం

“పట్టుచీరనే కట్టుకో అమ్మా. గంత పెద్ద హాల్ల నూలుచీర ఏం కనబడ్తది?” పొద్దుటి నుంచి రమ్యది అదే పట్టు.

“నేను నేసిన గొల్లభామ బొమ్మల చీరుండంగ పట్టెందుకే?” మగ్గం మీంచే కసిరాడు దత్తాత్రి. “మీ అమ్మ పెండ్లికి పోతలేదు.”

“నీకు నీ చీరె గొప్పే బాపూ!”

“ఇద్దరు గూడి నన్ను బొమ్మను జేస్తున్రు,” అని నవ్వింది సుమిత్రమ్మ.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న ఆ కళాభవనాన్ని ఆమె ఒక్కసారి బస్సు కిటికీలోంచి చూసింది, అంతే. తెలంగాణ కోసం పాత బస్టాండు దగ్గర వేసిన దీక్షా శిబిరంలో, బతుకుదెరువుకు పోయి భివండి బట్టల మిల్లులో కాలిపోయిన తమ్ముడు వీరయ్య మీద వలపోత పాడింది. చావింట్లో ఆడవాళ్లు ఏడుస్తూ, పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి చెప్పుకునే పాట అది. ఆ రోజు శిబిరమంతా కళ్లు తుడుచుకుంది. ఎవరో సెల్లులో రికార్డు చేసి పంపితే కళాభవనం వాళ్లు వచ్చే ఆదివారం పాడమని పిలిచారు. బతికుండగా ఎవరికీ పట్టని తమ్ముడి పేరు అంత పెద్ద హాల్లో వినబడాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

మధ్యాహ్నం ఆహ్వానపత్రం వచ్చింది. రమ్య గట్టిగా చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఆరో అంశం. సుమిత్రమ్మ, సిద్దిపేట... హాస్యం.”

“అంటే?”

“కామెడీ అని రాసిన్రమ్మా.”

“అచ్చు తప్పు వడ్డదేమో, అడుగు,” అన్నాడు దత్తాత్రి.

రమ్య కళాభవనానికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. అవతల ఒక ఆడగొంతు ఎంతో ముద్దుగా పలికింది. “తప్పేం లేదమ్మా. మీ అమ్మగారి యాస భలే ఉంది! ‘ఎట్ల పోతివిరా’ అన్నచోట మేమంతా ఎంత నవ్వుకున్నామో. ఇక్కడా అలాగే చేయమనండి.”

రమ్య ఫోను పెట్టేసింది. చెవులు సరిగా వినబడని అత్త బుచ్చవ్వ అందరి మొహాలూ చూసింది. “ఏమన్నరే?”

“నవ్విన్రట, నాయనమ్మా.”

“ఏడుస్తుంటెనా?”

సుమిత్రమ్మ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

“పోవద్దు. నేను ఫోన్ జేసి చెప్త,” అన్నాడు దత్తాత్రి.

ఆమె లేచి, అన్నం దించి వచ్చి, ముగ్గురి ముందూ నిలబడింది.

“నేను పోత,” అంది మెల్లగా. “పాడుత. ఎవలన్న నవ్వితె ఆపుత. ఆళ్ల నవ్వుడు అయినంక, మల్ల మొదటికెల్లి పాడుత.”