నలభై కాదు, ఇరవై

నంద్యాలలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో ఇంద్రజ మూడేళ్లుగా పనిచేస్తోంది. రైతులు ఫోన్ చేసి పంట గురించి అడిగితే కంప్యూటరే తెలుగులో జవాబు చెప్పే ఏర్పాటు అక్కడుంది. దాని వెనకున్న డేటాబేస్‌ను ఇంద్రజే చూసుకుంటుంది. సలహా కాగితాల్లోని ఒక్కో పేరానూ దాని అర్థాన్నిబట్టి ఒక అంకెల వరసగా మార్చి అందులో పెడతారు. దాన్నే వెక్టర్ అంటారు. రైతు అడిగిన ప్రశ్న కూడా అలాగే అంకెలవుతుంది. దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న పేరాయే జవాబుగా వస్తుంది. కొత్త కాగితం వచ్చినప్పుడు ఇంద్రజ ఏఐ ఏజెంటు అనే ప్రోగ్రాముకు మామూలు మాటల్లో చెబితే చాలు, ఎక్కించడం, మార్చడం, తీసేయడం అన్నీ అదే చేసేస్తుంది.

ఆ ఏడు మినుములో కొట్టే కలుపు మందు గాఢతను కంపెనీ రెట్టింపు చేసింది. ట్యాంకుకు నలభై మిల్లీలీటర్లు పోసేచోట ఇక ఇరవై చాలు. "పాతది తీసేసి ఇది పెట్టు" అని ఇంద్రజ ఏజెంటుకు చెప్పింది. "అప్‌డేట్ అయింది" అని జవాబొచ్చింది. తెరిచి చూడకుండానే ఆమె టీకి లేచిపోయింది.

పదకొండు రోజుల తర్వాత ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి పుల్లయ్య అనే రైతు, భార్య సుబ్బలక్ష్మమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గోతం విప్పి మాడిపోయిన మినుము మొక్కల్ని నేల మీద కుమ్మరించాడు.

"మీ ఫోన్లో నలభై పొయ్యమని చెప్పె. పోసినా. మూడెకరాలు మాడిపాయ" అన్నాడు.

మేనేజరు సోమశేఖర్ వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తింటున్న ఉగ్గాని ప్లేటుతోనే ఇంద్రజ గదిలోకి వచ్చాడు. అప్పటికే ఆమె డేటాబేస్ తెరిచి చూసింది. ఏజెంటు కొత్త పేరాను ఎక్కించింది గానీ పాతదాన్ని తీయలేదు. పైగా పాతది రైతులు మాట్లాడే మాటల్లో ఉంది. అందుకని వాళ్లు ఎలా అడిగినా అదే ముందుకొస్తోంది.

"నేను చూసుకోలేదు సార్. తప్పు నాదే" అంది.

"దానికేముందిమ్మా! పాతది తీసెయ్యమను. కొత్తదానికి నెల కిందటి తేదీ పెట్టమను. ఆయప్ప ఫోన్ మాటలు రాసి ఉంటాయి కదా, ఆడ గూడా నలభై కొట్టేసి ఇరవై పెట్టమను."

ఇంద్రజ చేతులు కదల్లేదు. సోమశేఖర్ ప్లేటు పక్కన పెట్టి, మిరపకాయ బజ్జీ నూనె అంటిన వేళ్లతో తనే టైపు చేశాడు. రెండు నిమిషాలు కాకముందే తెర మీద జవాబు వచ్చింది: "పూర్తయింది. ఇంకేమైనా చేయమంటారా?" మీటల మీద నూనె మరకలు మెరిశాయి.

సోమశేఖర్ పుల్లయ్యను లోపలికి పిలిచి తెర చూపించాడు. "చూడప్పా, నెల నుంచీ ఇరవై అనే ఉండాది. నీకు చెప్పింది గూడా ఇరవయ్యే." ఫోన్ స్పీకరులో పెట్టి అదే ప్రశ్న అడిగాడు. ఇరవై అని తియ్యగా పలికింది యంత్రం.

పుల్లయ్య చేయి చెవి మీదకు పోయింది. "ఏమో సార్... నాకే చెవులు మందమైనాయేమో."

"నేనూ ఇన్నా గదా! నలభై అనె" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఊరకుండుమే. మిషనుకు అబద్దమాడే పనేముంది?" అని పుల్లయ్య ఆమెనే కసిరాడు.

మాడిన మొక్కల్ని చూసినప్పుడు ఇంద్రజకు సిగ్గేసింది. ఇప్పుడు మాత్రం రోత పుట్టింది. పంట పోయింది చాలక, ఆ మనిషి తన చెవుల్ని కూడా నమ్మకుండా పోతున్నాడు.

"నువ్వు సరిగ్గానే విన్నావు పెద్దాయనా. అది నలభై అనే చెప్పింది" అంది.

"ఏం మాట్లాడతాండావో తెలుస్తాందా?" అని సోమశేఖర్ గద్దించాడు.

"తెలుస్తాంది సార్."

ఏజెంటు తాను చేసిన ప్రతి మార్పునూ గంటా నిమిషాలతో సహా రాసిపెట్టుకుంటుందని సోమశేఖర్‌కు తెలియదు. ఇంద్రజ ఆ పట్టీని రెండు కాగితాల మీద ప్రింటు తీసింది. పాత మాట ఏమిటి, దాన్ని ఎప్పుడు మార్చారు, ఎవరి కంప్యూటరు నుంచి మార్చారు, అన్నీ అందులో ఉన్నాయి. రెండు కాగితాలూ పుల్లయ్య చేతిలో పెట్టింది.

అతను దండం పెట్టలేదు, మెచ్చుకోనూ లేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "మాకొక్కరికేనా పాపా, ఇంగెవరికన్నా చెప్పిందా అది?" అని అడిగాడు.

ఆ సంగతే ఇంద్రజకు తట్టలేదు. వెతికితే, నలభై పొయ్యమని చెప్పిన ఫోన్లు ఇంకా నలభై మూడు తేలాయి. సోమశేఖర్ పైవాళ్లకు ఫోన్ చేసి ఆమె పాస్‌వర్డు ఆపించేలోగా నంబర్లన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. సంచి సర్దుకుని బస్టాండుకు పోయి, సిమెంటు బెంచీ మీద కూర్చుని వరసగా ఫోన్లు చేసింది.

చాగలమర్రి ఆయన బూతులు తిట్టాడు. ఆత్మకూరు నుంచి అనసూయమ్మ అనే ఆమె, "ఇప్పుడే ట్యాంకులో పోస్తాండాడు మా ఆయన" అంటే, "పారబోయమనమ్మా, తొందరగా!" అని ఇంద్రజ అరిచింది. బెంచీ మీదున్న వాళ్లంతా తిరిగి చూశారు. పొద్దుగూకే వేళకు లెక్క తేలింది. పద్నాలుగు మంది ఆగారు. ఇరవై తొమ్మిది మంది అప్పటికే కొట్టేశారు.

పుల్లయ్య ఫిర్యాదు మీద వారానికి వ్యవసాయాధికారులు వచ్చి అతని చేను చూసి, ఆ రెండు కాగితాలూ తీసుకుని, ఫోన్ సలహాలు ఆపించారు. ఇంద్రజ మళ్లీ ఆ ఆఫీసుకు పోలేదు. ఫోన్లు మాత్రం మానలేదు. ఎందుకంటే బస్టాండులో ఫోన్లు చేసిన ఆ సాయంత్రమే నలభై మూడో మనిషి ఇలా అన్నాడు: "మొన్ననే కొట్టినా పాపా. మంచి మాట చెప్పినారని మా వీధిలో అందరికీ చెప్పినా."

"వాళ్ల నంబర్లు చెప్పన్నా" అని ఆమె నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది.